రిమోటు ఎంత దూరం పనిచేస్తుంది?

సెలవులు వచ్చినవంటే పిల్లలు రిమోటు కారు కావాలని, విమానం కావాలని పెద్దలను పీడిస్తారు. డబ్బా మీద 2.4 గిగాహెర్ట్జ్ అని పెద్ద అక్షరాలుంటవి. అంకె పెద్దది గనుక దూరం కూడా ఎక్కువేనని అంగడివారు కన్నడంలోనో, అరవంలోనో, ఒరియాలోనో మనల్ని ఒప్పిస్తారు. ఏ భాషలో చెప్పినా అది సరియైన మాట కాదు.

పాత రేడియో తిప్పిన చేతులకు ఈ సంగతి తొందరగా బోధపడుతుంది. షార్ట్ వేవ్ గీతల మీద 19 మీటర్లు, 31 మీటర్లు అని ఉండేవి గదా! అది అల పొడవు. మెగాహెర్ట్జ్ అంకెతో 300ను భాగిస్తే ఆ మీటర్లు వస్తవి. పాతరకం బొమ్మలు 27 మెగాహెర్ట్జ్ మీద నడిచేవి. వాటి అల సుమారు 11 మీటర్లు. 2.4 గిగాహెర్ట్జ్ అంటే 2400 మెగాహెర్ట్జ్. దాని అల పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడైనా లేదు.

పొడుగు అల అడ్డం వచ్చిన చెట్టును, మనిషిని చుట్టుకొని అవతలికి పోగలదు. పొట్టి అలకు ఆ నేర్పు తక్కువ. పచ్చని ఆకులలోనూ మన దేహంలోనూ ఉన్న నీరు దానిని చాలావరకు మింగివేస్తుంది. పైగా ఏరియల్ సాధారణంగా అలలో నాలుగోవంతు ఉంటుంది. 2.4కు మూడు సెంటీమీటర్ల తీగ చాలు. కాని అంత చిన్న తీగకు చిక్కే శక్తీ తక్కువే. పంపే శక్తి మార్చక, ఇటువంటి తీగలతోనే ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేస్తే, బయలులో కూడా దూరం సగమవుతుంది. పోయిన దూరం తిరిగి రావాలంటే శక్తి నాలుగింతలు కావాలి.

మరి అందరూ 2.4నే ఎందుకు పట్టుకున్నారు? రద్దీ వల్ల. 27లో చానళ్లు కొద్ది. ఒకే నంబరు క్రిస్టల్ ఉన్న ఇద్దరు ఒక మైదానంలో చేరితే, ఒకరు మీట కదిపితే రెండోవారి విమానం కూలేది. 2.4 సెట్లలో మంచివి క్షణానికి ఎన్నోమార్లు చానలు మారుస్తూ తమ జత రిసీవరుతోనే మాట్లాడుకుంటవి. మన దేశంలో 2005లో నిర్ణీత శక్తికి లోబడి దీనికి లైసెన్సు అక్కరలేకుండా చేశారు. ఆ ఏడే 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ వరకు కూడా విడిచిపెట్టారు. బహుదూరం ఎగురవేసే అభిరుచిగలవారు దానిని కోరుకుంటారు. అల 35 సెంటీమీటర్లు. సంకేతాలను నిదానంగా పంపితే దూరం ఇంకా పెరుగుతుంది. దూరాన ఉన్నవారితో మనం మాట సాగదీసి చెప్పమూ!

కాబట్టి డబ్బా మీది దూరం నడుమ ఏ అడ్డూ లేని బయలులో మాటే. ఇండ్లమధ్య, వైఫై పెట్టెలమధ్య అంత రాదు. కారు ఆగితే పోయి తెచ్చుకోవచ్చు. తిరిగే పంకాతో విమానం ఎవరి పిల్లవాడి నెత్తిన పడుతుందో చెప్పలేము. అందుచేత ఎగురవేసే ముందు రెండు పరీక్షలు చేయాలి. మంచి రిమోట్లలో శక్తి తగ్గించి చూసే మీట ఉంటుంది. అది నొక్కి, కంపెనీవారు పుస్తకంలో చెప్పినన్ని అడుగులు నడిచి, రెక్కలు మాట వింటున్నవా చూడండి. తరువాత పంకా ఊడదీసి, మోటారు నడుస్తుండగా రిమోటు ఆర్పండి. మోటారు ఆగాలి. ఆగకపోతే ఆ విమానాన్ని ఎగురవేయవద్దు, పిల్లవాడు ఎంత ఏడ్చినా సరే.

ఏరియల్ కొనను విమానం వైపు గురిపెట్టడం చాలామందికి అలవాటు. కొన దిక్కుగా వెలువడే శక్తి అన్నిటికంటె తక్కువ. తీగ ప్రక్క భాగం విమానానికి కనబడేటట్లు పట్టుకోవాలి. రిసీవరు తీగను బ్యాటరీకి, కార్బన్ ఫైబర్ కడ్డీకి దూరంగా ఉంచాలి.

ఇంట్లోని టీవీ రిమోటు సంగతి వేరు. చాలావాటిలో ఉండేది రేడియో కాదు, కంటికి కనబడని వెలుతురు. దాని ముచ్చట వచ్చే నెల.