పోటీ దుకాణాలు.. యజమాని ఒక్కరే!

అరసవల్లిలో ఉండి గిటార్ కొనాలంటే ఫోన్‌లో రెండు సైట్ల ధరలు పోల్చి చూస్తాం. ఆ రెండూ ఒకరివే అయితే? అమెరికాలో అదే జరిగింది. మ్యుజీషియన్స్ ఫ్రెండ్‌ను గిటార్ సెంటర్ 1999లో కొనేసింది. పేర్లు మాత్రం వేర్వేరుగానే నడిచాయి. మన దగ్గరా అంతే. 2014లో మింత్రాను ఫ్లిప్‌కార్ట్ కొంది. 2016లో జబాంగ్‌ను మింత్రా కొంది. 2018లో ఫ్లిప్‌కార్ట్‌లో మెజారిటీ వాటా వాల్‌మార్ట్ చేతికెళ్లింది. 2020లో జబాంగ్ మూతపడింది.

ఉద్యోగం వెతికేవాళ్లకు దీంతో పనేంటి? మూడు కంపెనీలకు అప్లై చేశామనుకుంటాం. జీతాలు, ఖాళీలు తేల్చేది ఒకే యాజమాన్యం కావచ్చు. విలీనమైతే ఒకే పనికి ఇద్దరు అక్కర్లేదంటారు కూడా. ఇంటర్వ్యూకి ముందు వార్షిక నివేదికలో హోల్డింగ్ కంపెనీ, అనుబంధ సంస్థల పేర్లు చూడండి. ఒక ఆఫర్ చూపించి రెండో చోట జీతం బేరమాడేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.