ఉద్యోగమనగా నేమి?

సంస్కృతమున ఉద్యోగశబ్దమునకు ప్రయత్నమని యర్థము. పూనికతో నొక కార్యమునకు గడంగుటయే యుద్యోగము. మహాభారతమున నైదవ పర్వమునకు ఉద్యోగపర్వమని పేరు వచ్చుట అందలి యుద్ధసన్నాహమునుబట్టియే కాని, పాండవులు కొలువులకై దరఖాస్తులు పెట్టుకొనుటచేత గాదు. వారు కొలువు చేసినది అంతకు ముందటి విరాటపర్వమున. అప్పుడు తమ పేళ్లు దాచుకొనిరి.

ఇట్టి శబ్దమునకు తెలుగువారమగు మనము పట్టించిన గతి చూడుడు! నేడు ఉద్యోగమనగా నెలజీతము. స్వయముగా అంగడి పెట్టి పదిమందికి పని కల్పించినవానిని చూపి, “పాపము, ఉద్యోగము దొరకలేదు” అందుము. ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒరుల యాజ్ఞకై యెదురుచూచువానిని ఉద్యోగియందుము. ఒక మాట యర్థము మారుటలో నొక జాతి మనస్సు మారిన కథ యున్నది.

ఈ మార్పును పోషించుచున్నది మా పాఠశాలలే. విజ్ఞానశాస్త్ర ప్రయోగమును ఉపాధ్యాయుడు చేయును, లేదా ఎవ్వరును చేయరు. రికార్డు పుస్తకము మాత్రము నిరుటి విద్యార్థి రికార్డునుండి నకలగును. ప్రాజెక్టు పనియని పిల్లవానికి చెప్పుదుము. రాత్రి మేలుకొని అట్టముక్కలు అంటించునది తల్లి. అట్టివానిపై చేవ్రాలు చేసినవారిలో మేమును ఉన్నాము. ఒరులను నిందించుటకు ముందు ఈ తప్పు నొప్పుకొనుచున్నాము.

చేతులతో నేర్వవలెననుట క్రొత్తమాట కాదు. 1910లో బందరున వెలసిన ఆంధ్రజాతీయ కళాశాల పుస్తకవిద్యతోపాటు చేతిపనులకును తావిచ్చెను. 1937 అక్టోబరులో వార్ధాసభ చేతివృత్తి కేంద్రముగా విద్య గరపవలెననెను. 1966లో కొఠారీ సంఘము కార్యానుభవమనెను. 1977లో ఈశ్వరభాయి పటేలు సంఘము సమాజోపయోగకరమైన ఉత్పాదక కార్యమనెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము, ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల కాలమున పదిదినములు పుస్తకముల సంచి లేకుండ వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మొదలగువారియొద్ద పిల్లలు పని నేర్వవలెననినది. పేళ్లు మారినవి. ఆ గంటను పరీక్ష పాఠములు మ్రింగివేయుట మాత్రము మారలేదు.

మేము రెండేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి పిల్లలకు బడివెనుకనున్న రెండు సెంట్ల నేలను, అయిదువందల రూపాయలను, ఒక లెక్కపుస్తకమును ఇచ్చి, “మీకు తోచినది చేయుడు” అంటిమి. వారు రెండుదినములు వాదులాడి తోటకూర వేయ నిశ్చయించిరి. విత్తనము మిక్కిలి దట్టముగా చల్లిరి. చెప్పవలెనని మా నాలుక దురదపెట్టెను, చెప్పలేదు. మొలకలు ఒకదాని నొకటి అణచుకొని పాలిపోయినవి. మూడువందల రూపాయలు మట్టిపాలయినవి. ఆనాటి సాయంకాలము పిల్లలు మాయొద్దకు రాలేదు. ఎవ్వరును పంపకయే, ఊరిచివర ఆకుకూరలు పండించు నొక ముసలమ్మ యొద్దకు పోయిరి. సన్నవిత్తనమును ఇసుకతో కలిపి చల్లవలెనని ఆమె చెప్పెను.

రెండవ పంట పచ్చగా వచ్చెను. కట్టలు కట్టి వీధులలో అమ్మిరి. నాలుగువందల డెబ్బది రూపాయలు చేతికి వచ్చినవి. మిగిలిన రెండువందలతో ఇంత లాభము గడించితిమని ఒక బాలుడు ఎగిరి గంతువేసెను. “మట్టిలో పోయిన మూడువందలు ఎవరివి?” అని ఒక బాలిక యడిగెను. తరగతి నిశ్శబ్దమయ్యెను. ముప్పది రూపాయల నష్టమని వారే పుస్తకమున వ్రాసిరి. లాభనష్టముల లెక్కలు అంతకు పూర్వము వారెన్ని చేయలేదు! కాని అట్టి ప్రశ్న మేమెన్నడును వినియుండలేదు.

ఇంతలో నొక తండ్రి వచ్చి, “మావాడు మట్టి పిసుకవలెనన్న మా పొలమే యున్నదిగదా! మీ బడి యెందుకండీ?” అనెను. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. దీని వెనుక చరిత్ర యున్నది. 1953లో నాటి మద్రాసు రాష్ట్రమున రాజాజీ ప్రభుత్వము, పిల్లలను కొంతసేపు బడిలో నుంచి తక్కిన వేళ తండ్రివృత్తి నేర్చుకొనుటకు ఇంటికి పంపు పథకము తెచ్చెను. కులవృత్తులనే మరల తలకు చుట్టుటయని ప్రజలు నిరసించిరి. 1954లో అది రద్దయ్యెను. ఆ నిరసన న్యాయమైనది. కుమ్మరి కొడుకు సారెయొద్దకును, ప్లీడరు కొడుకు గ్రంథాలయమునకును పోవుట విద్య కాదు. అది పాతగోడకు క్రొత్తసున్నము.

ఆ తండ్రితో మేము చెప్పినది యిది: “అయ్యా, మీ పొలమున నిర్ణయము మీది, చాకిరి వానిది. ఇక్కడ నిర్ణయమును వానిదే, నష్టమును వానిదే, లెక్కయు వానిదే.” భేదమంతయు నందే యున్నది. తానెన్నుకొనని పని వెట్టి. తానెన్నుకొని, తాను తప్పి, తాను దిద్దుకొన్న పని విద్య. కావుననే అన్ని కులముల బిడ్డలును, బాలురును బాలికలును, ఒకే మడిలో చేయి పెట్టవలెను.

పరీక్షల మాటేమందురా? వారమునకు రెండుగంటలు పోయినంత మాత్రమున మునిగిపోవు పరీక్ష, విద్యార్థిలో దేనిని పరీక్షించుచున్నది? ఇందుకు గొప్ప భవనములు అక్కరలేదు, యంత్రములు అక్కరలేదు. కొంచెము నేలయో, ఒక బల్లయో, చిన్నమొత్తము సొమ్మో చాలును. దుర్లభమైనది వేరొకటి యున్నది: పిల్లవాడు తప్పుచుండగా చూచుచు ఊరకుండగల ఉపాధ్యాయుని యోర్పు. ఆజ్ఞాపించుటకు మరగిన మాకు ఇది కష్టసాధ్యము. సోదరోపాధ్యాయులారా, మొదట మనము దీనిని నేర్వవలెను.

ఆ పిల్లలు మూడవసారి విత్తనము చల్లిరి. ఏమి చల్లిరో మమ్మడుగలేదు. ఉద్యోగశబ్దమునకు దాని మొదటి యర్థము తిరిగి వచ్చుచున్నదని మాకు తోచెను.