ఉత్తరం కింద సంతకం

ప్రేమకు కులం లేదని చెప్పేటోళ్లను చానమందిని చూసిన. వాళ్లందరికి కులం ఉన్నది. ఆ మాట అన్నందుకు వాళ్లకు పోయేదేం లేదు. వాళ్ల ఇంటిపేరు వాళ్లకుంటది, వాళ్ల బావి వాళ్లకుంటది, వాళ్ల వాకిలి వాళ్లకుంటది. అదే మాట మేం అనాల్నంటే ముందుగాల మా ఇంటిపేరు దాయాలె, మా వాడ దాయాలె, మా అమ్మ వండే కూర దాయాలె. అంటే ప్రేమకు కులం లేకుండ జేసే పని గూడ మా మీదనే పడ్డది. ఊర్ల చచ్చిన గొడ్డును మోసినట్టే వాళ్ల ఆదర్శాన్ని గూడ మేమే మోయాలె.

ఇది నేను పుస్తకాలు చదివి చెప్తలేను. రెండేండ్లు మోసి చెప్తున్న.

1995ల నేను కామారెడ్డిల డిగ్రీ చదువుతుంటి. అప్పుడు కామారెడ్డి నిజామాబాద్ జిల్లాల ఉండె, వేరే జిల్లా అయింది 2016ల. మా ఊరు ఎల్లారెడ్డి దగ్గర. అమ్మ బీడీలు చేసేది. అయ్య డప్పు కొట్టేటోడు, మిగిలిన దినాలు కూలికి పోయేటోడు. ఆ రోజులల్ల పత్రికలల్ల కలంస్నేహం శీర్షికలు వస్తుండె. పేరు, వయసు, అభిరుచులు, చిరునామా. అంతే. కులం గడి లేదు. బడిల చేరిన నాటి నుంచి స్కాలర్‌షిప్ ఫారం దాక ప్రతి కాగితం మీద కులం రాసి రాసి చెయ్యి నొచ్చిన పిల్లకు కులం అడగని కాగితం కనవడితె ఎట్లుంటది? నేను గూడ నాలుగు గడులు నింపి పంపిన.

గడి లేదు గని కులం చిరునామాలనే ఉన్నది. హాస్టల్ అడ్రసు ఇస్తే అది ఎవరి హాస్టలో తెలిసిపోతది. ఇంటి అడ్రసు ఇస్తే మాదిగవాడ అని రాయాలె. అందుకని తోటి చదువుకునే కోమటోళ్ల పిల్ల ఇంటి అడ్రసు ఇచ్చిన, కేరాఫ్ కిరాణ దుకాణం. పేరు గూడ మార్చుకున్న. మా దిక్కు పారే ఏరు పేరు పెట్టుకున్న, మంజీర అని. గుంటూరు దిక్కు నుంచి జవాబు రాసినాయన 'కృష్ణ ఒడ్డు నుంచి' అని సంతకం పెట్టిండు. ఎంత అందంగున్నదో అనుకున్న. ఏరుకు కులం లేదు గదా. కడవల ముంచినంకనే గద నీళ్లకు కులం వచ్చేది.

మా వాడల అక్కలకు ఉత్తరాలు రాసిపెట్టేది నేనే. వాళ్ల పెనిమిట్లు దుబాయిల, మస్కట్ల ఉండిరి. ఆ ఉత్తరాలల్ల ప్రేమ అనే మాట ఒక్కసారి గూడ రాలే. 'పైసలు అందినయి. పిల్లగానికి జరం తగ్గింది. నీ నడుము నొప్పి ఎట్లున్నది? మిత్తి కట్టినం, అసలు అట్లనే ఉన్నది.' లగ్గమైన నెలకే పెనిమిటిని పంపిన అక్క ఒకామె నాలుగేండ్లకు ఆయన వస్తే కామారెడ్డి బస్టాండ్ల గుర్తువట్టలేక పక్కకు జరిగి కొంగు కప్పుకున్నది. అయినా ఆ ఉత్తరాలల్ల నిజం తప్ప ఇంకోటి లేకుండె. పొద్దుగాల వాటిని రాసిన చేత్తోనే రాత్రి నేను వెన్నెల గురించి రాసేదాన్ని.

ఏమేం రాసిననో ఇప్పుడు చెప్పుకోవాలంటె సిగ్గయితది. మా పెరట్ల పారిజాతం చెట్టున్నదని రాసిన. మాకు పెరడే లేదు. అమ్మ తులసికోట కాడ దీపం పెడుతదని రాసిన. 'వచ్చిన' అని రాసి, కొట్టేసి, 'వచ్చాను' అని దిద్దుకునేదాన్ని. ఆయన గూడ తక్కువ రాయలే. సంక్రాంతి అరిసెలు, ముద్దపప్పు, కొత్తావకాయ, అరుగు మీద తాతగారు చదివే రామాయణం. ఎవరు నేర్పిండ్రు మాకు ఈ భాష? మేం చదివిన నవలలే నేర్పినయి. వాటిల ప్రేమించేటోళ్లకు మేడలుండె, వీణలుండె, పూలతోటలుండె. బీడీలు చేసే ఆడిది ప్రేమించినట్టు ఏ నవల్ల రాసిండ్రు?

కాళిదాసు యక్షుడు తన భార్యకు మేఘంతోని కబురు పంపిండు. 1941ల జాషువ రాసిన 'గబ్బిలం'ల అంటరానోడు గూడ కబురు పంపిండు. ఆయనకు దొరికింది గబ్బిలం. పంపింది శివుడికి. చెప్పుకున్నది ఆకలి, అంటరానితనం. కాయితం ఒక్కటే అయినా వాళ్లు రాస్తే ప్రేమలేఖ, మేం రాస్తే దరఖాస్తు. నేను దరఖాస్తు రాయొద్దనుకున్న. అందుకే వాళ్ల మేఘాన్ని దొంగతనం జేసిన.

ఇంకో సిగ్గు గూడ చెప్పాలె. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిల మాదిగ దండోర పుట్టింది. ఊరూర మావోళ్లు పేరు చివర మాదిగ అని రాసుకునుడు మొదలైంది. మా అన్న రాసుకున్నడు. తిట్టును బిరుదు జేసుకున్న కాలం అది. నేను గూడ మీటింగుకు పోయిన, చప్పట్లు కొట్టిన. రాత్రికి ఇన్లాండ్ లెటర్ ముందల కూసుంటె మాత్రం నా చెయ్యి ఆ మూడక్షరాలు రాయలే. వేలమందిల మాదిగను అని చెప్పుకునుడు అల్కగ ఉండె. ఒక్కనికి చెప్పుకునుడే కష్టం.

1997 జనవరిల ఆయన వస్తనన్నడు. మేం ఫొటోలు పంపుకోలే. నాకు నా రంగంటే భయం. పత్రిక చేతిల పట్టుకొని దిగుతనని రాసిండు. అప్పుడు కామారెడ్డికి మీటరుగేజి రైలే. మార్కెట్‌కు బెల్లం వచ్చే రోజులు. పొద్దటి సలిల స్టేషన్ల నిలవడ్డ. రైలు దిగిన మనిషి నాలెక్కనే నల్లగున్నడు, నాలెక్కనే సన్నగున్నడు. ఇస్త్రీ అంగి. చేతిల పత్రిక.

నిజం చెప్త. నా మనసు చిన్నబోయింది. రెండేండ్ల నుంచి నేను మనసుల పెట్టుకున్నది ఒక ఎర్రటి పిల్లగాన్ని. నల్లటోన్ని చూస్తే నల్లపిల్లకే మనసు చిన్నబోయింది. కులం బయట ఊర్లనే ఉంటదనుకునేటోళ్లు ఈ మాట రాసిపెట్టుకోండ్రి. అది నా కండ్లల్ల గూడ ఉండె. ఆయన మొఖం జూస్తే ఆయనది గూడ అదే కథ అని తెలిసింది. ఇద్దరం చాయ తాగినం. ఉత్తరాలల్ల పేజీలకు పేజీలు రాసినోళ్లం, ఒక్క మాట దొరకలే.

'మీ ఊరు చూడాలండి' అన్నడు. తప్పించుకోవాలని జూసిన. 'పారిజాతం చెట్టు చూపించరా?' అన్నడు. ఎల్లారెడ్డి బస్సెక్కినం.

తాడ్వాయి దాటినంక మా ఊరి పెద్దమనిషి ఒకాయన బస్సెక్కిండు. నన్ను గుర్తువట్టిండు. 'ఏమే పిల్లా, నువ్వు డప్పు గొట్టే మాదిగోని బిడ్డవు గాదె? లే, కూసోనీ' అన్నడు, బస్సంత ఇనవడేటట్టు. నేను లేసిన. పక్కన నన్నెరుగనట్టు కూసోవచ్చు గద, ఆయన గూడ లేసి నిలవడ్డడు. ఆయనను ఎవరూ లెమ్మనలే. మర్యాదకు లేసిండేమో అనుకున్న. కాదు. మర్యాదకు లేసేటోడు మెల్లగ లేస్తడు. ఆయన లేసింది అలవాటున్న నడుము లేసినట్టు, మాట పూర్తిగాక ముందే.

లింగంపేట దాక ఇద్దరం నిలవడే ఉన్నం. అప్పుడు ఆయన మెల్లగ 'మాదీ పల్లేనండి' అన్నడు. నాకు సమజ్ గాలే. మా దిక్కు పల్లె అంటే ఊరే. 'మాది గూడ పల్లెనే గద' అన్న. 'అది కాదండి. మా వైపు ఊరు వేరు, పల్లె వేరు' అన్నడు. జర సేపు ఆగి, 'మేం మాలోళ్లం' అన్నడు.

రెండేండ్లు ఎవరు ప్రేమించుకున్నరు మరి? పారిజాతం చెట్టున్న పిల్ల, అరుగు మీద రామాయణం ఇన్న పిల్లగాడు. మా ఉత్తరాలల్ల ఇద్దరు పెద్దకులపోళ్లు ప్రేమించుకున్నరు. వాళ్లకు మేం కాగితాలు ఇచ్చినం, సిరా ఇచ్చినం, పోస్టు ఖర్చులు పెట్టినం. మేమిద్దరం కలుసుకున్నది ఆ బస్సుల, నిలవడి.

ఇంటికి పోయినం. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి 'ఏమోళ్లు బిడ్డా?' అన్నది. ఆయన చెప్పిండు. అమ్మ నా దిక్కు జూసింది. 'మాలోళ్లు మా ఇంట్ల నీళ్లు తాగరు గద. మీ దిక్కు తాగుతరా?' అన్నది. ఆయన గిలాస అందుకునే ముందల ఒక్క చిటికెసేపు ఆగిండు. ఆ చిటికెసేపును నేను చూసిన. అది ఆయనది గాదు, ఆయన తాతలది. స్టేషన్ల నా మనసు చిన్నబోయినట్టే అది గూడ. తాగిండు. 'ఆకలిగా ఉందమ్మా, పెట్టండి' అన్నడు.

అమ్మ జొన్నరొట్టె, ఎండుతునకల కూర పెట్టింది. తినుకుంట ఆయన చుట్టు జూసి, 'పారిజాతం ఏదండీ?' అన్నడు. దండెం మీద ఆరుతున్న తునకలను చూపెట్టిన. 'మా ముద్దపప్పు కూడా ఇదేనండి' అన్నడు. నవ్వు ఆగలే ఇద్దరికి. అమ్మకు సమజ్ గాక మా మొఖాలు జూసింది. నా జీవితంల అంత నవ్విన దినం ఇంకోటి లేదు.

మా పెండ్లి కాలే. ఆయన ఇంట్ల 'మాదిగ పిల్లా?' అన్నరు. మా అన్న 'మన వాటా తిన్నోళ్ల ఇంటికా?' అన్నడు. ఆ జూన్ల సర్కారు వర్గీకరణ జీవో తెచ్చింది. మా ఊర్ల దానికి అనుకూలంగ మీటింగు, వాళ్ల ఊర్ల వ్యతిరేకంగ మీటింగు. బస్సుల పక్కపక్కన నిలవడ్డోళ్లం ఎదురెదురు నిలవడ్డం. వర్గీకరణ న్యాయం కాదని నేను అంటలేను. ఎవరి వాటా వాళ్లకు రావాలె. 2004ల కొట్టేసిన సుప్రీంకోర్టే 2024 ఆగస్టు 1న వర్గీకరణ చేయొచ్చన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల చట్టమున్నది. మంచిది. కొలువులు పంచుకునే తీరు చట్టం చెప్పింది. కంచం పంచుకునే తీరు ఎవరు చెప్పాలె? 1936లనే అంబేద్కర్ కులనిర్మూలనకు అసలు మందు కులాంతర వివాహమే అన్నడు. ఆ మాట పెద్దకులాలకే చెప్పిండనుకొని మన ఇండ్లల్ల ఇనకుండ ఊకున్నం. నిచ్చెన మీద నిలవడ్డోడు కింది మెట్టును తంతడు. మనం నిలవడ్డ మెట్టు అడుగుదే అయినా దాని కింద ఇంకోటి ఉన్నదని మురుస్తం.

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడల పెరుమాళ్ల ప్రణయ్‌ను, కడుపుతోని ఉన్న భార్య పక్కన ఉండంగ నరికి చంపిండ్రు. 2025 మార్చిల నల్లగొండ కోర్టు ఒకనికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ప్రణయ్ కులం దాయలే. కులం చెప్పి ప్రేమిస్తే వాళ్లు చంపుతరు. దాసి ప్రేమిస్తే మనల్ని మనమే చంపుకుంటం. ప్రణయ్ కోసం మాలలు ఏడ్చిండ్రు, మాదిగలు ఏడ్చిండ్రు. శవం కాడ ఒక్కటైతం, పెండ్లిపీట కాడ వేరైతం. ఇదేం ఐక్యత?

ఇప్పుడు కలంస్నేహాలు లేవు, సెల్‌ఫోన్లున్నయి. మా వాడ పిల్లలు రాత్రంత ఎవరితోనో మాట్లాడుతరు. ఇంటిపేరు లేని పేర్లు పెట్టుకుంటరు, ఫొటోల రంగు తెల్లగ జేసుకుంటరు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఎప్పటికన్న ఒక దినం స్టేషన్ల దిగాలె, బస్సెక్కాలె. మొదటి ఉత్తరంలనే మీ వాడ పేరు రాయండ్రి. ఇడిసిపెట్టిపోయేటోడు మొదటి దినమే పోతడు. ఉండేటోడు మీతోని ఉంటడు, మీరు కల్పించిన మనిషితోని గాదు.

ఆయన తిరిగిపోయినంక నేనొక ఉత్తరం రాసిన. 'వచ్చిన' అని రాసి దిద్దుకోలే. చిరునామా కాడ మాదిగవాడ అని, ఎల్లారెడ్డి మండలమని రాసిన. కింద నా అసలు పేరు, పక్కన మాదిగ. పది దినాలకు పోస్టుమ్యాన్ మా వాడ లోపటిదాక వచ్చి నా పేరు మొత్తం చదివి పిలిచిండు. జవాబు చిన్నగనే ఉండె. కింద ఆయన అసలు పేరు, పక్కన మాల.

మిగిలిన ఉత్తరాలన్ని పొయ్యిల పెట్టిన. ఆ ఒక్కటి దాసుకున్న. మేమిద్దరం రాసుకున్న మొదటి ఉత్తరాలు అవే.