ఫస్ట్ ఆప్షన్ భయం.. కొజిమా లెక్క

సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టిన రోజు గుర్తుందా? ‘మరీ పెద్ద కాలేజీని పైన పెట్టకు, అదీ పోయి ఇదీ పోతుంది’ అని ఎవరో ఒకరు భయపెట్టే ఉంటారు. ఆ భయంలో పస ఉందో లేదో లెక్కగట్టి తేల్చే శాస్త్రం ఒకటుంది. గేమ్ థియరీలో భాగమైన దాన్ని మ్యాచింగ్ థియరీ అంటారు. అందులో పేరున్న జపాన్ ఆర్థికవేత్త ఫుహితో కొజిమా.

2003లో టోక్యో యూనివర్సిటీలో ఎకనామిక్స్ డిగ్రీ, 2008లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ. అక్కడ ఆయనకు దారి చూపిన ఆల్విన్ రోత్‌కు 2012లో లాయిడ్ షాప్లీతో కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. కొజిమా స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పి, ప్రొఫెసరై, 2020లో టోక్యోకే తిరిగొచ్చారు. అక్కడి మార్కెట్ డిజైన్ సెంటర్‌కు ఇప్పుడు ఆయనే సారథి. రెజ్యూమెలో పట్టే సంగతులివి. పట్టనివి ఆయన ఎంచుకున్న ప్రశ్నలు.

జపాన్‌లో మెడిసిన్ పూర్తిచేసినవాళ్లకు శిక్షణ ఆస్పత్రులను కంప్యూటరే కేటాయిస్తుంది. డాక్టర్లు తమకు నచ్చిన ఆస్పత్రుల వరుస ఇస్తారు, ఆస్పత్రులు తమకు కావాల్సిన డాక్టర్ల వరుస ఇస్తాయి. మీ మొదటి ఆస్పత్రి మిమ్మల్ని వెంటనే ఖాయం చేయదు, తాత్కాలికంగా అట్టే పెట్టుకుంటుంది. ఇంకా నచ్చినవారు వస్తే మిమ్మల్ని వదిలేస్తుంది. అప్పుడు మీరు రెండో ఆస్పత్రికి వెళ్తారు. ఆలస్యంగా వచ్చారని అక్కడ తోసిపుచ్చరు. అప్పటికే అట్టే పెట్టుకున్నవారితో మిమ్మల్నీ పోల్చి చూస్తారు. అందుకే పెద్ద ఆస్పత్రిని పైన పెట్టినందుకు నష్టం లేదు. ఐఐటీలు, ఎన్ఐటీల సీట్లకు 2015 నుంచి నడుస్తున్న జోసా కౌన్సెలింగ్‌దీ ఈ కుటుంబమే. ర్యాంకు వరుసలో సీట్లిచ్చే ఈఏపీసెట్‌లోనూ మీ వంతు వచ్చేసరికి మిగిలినవాటిలో మీరు అన్నిటికన్నా పైన పెట్టిందే ఇస్తారు. అంటే ఆ భయం ఉత్తదే.

అయితే అందరూ టోక్యో లాంటి నగరాలే కోరుకుంటే పల్లెల గతేంటి? జపాన్ ప్రభుత్వం 47 ప్రిఫెక్చర్లకూ పరిమితి పెట్టి, ఆ మేరకు ఆస్పత్రుల సీట్లను ముందే కోసేసింది. ఇక్కడే కొజిమా, యుయిచిరో కమడ ఓ లోపం పట్టుకున్నారు. ఊహకు ఓ ఉదాహరణ: ఒక ప్రాంతానికి పరిమితి పది. రెండు ఆస్పత్రులకూ చెరో ఐదు. మొదటిదాన్ని 8 మంది, రెండోదాన్ని ఇద్దరు కోరుకున్నారు. ముందే కోసేస్తే ఏడుగురికే చోటు, ముగ్గురు బయటికి. పరిమితి పదిమందికి ఉన్నా సరే! మొత్తం పది దాటకుండా చూస్తూ, లోపల సర్దుబాటుకు వీలిస్తే అందరికీ చోటు దొరుకుతుంది. 2015లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వచ్చిన వీళ్ల పేపర్ సారం స్థూలంగా ఇదే. చూడ్డానికి చిన్న విషయం. బయటపడ్డ ఆ ముగ్గురిలో మీరుంటే చిన్నదనిపించదు.

జపాన్‌లో ఉద్యోగం వచ్చాక కూడా ఓ చిక్కుంది. ఏ విభాగంలో, ఏ ఊళ్లో వేస్తారో చేరేవరకూ తెలియదు. కుర్రాళ్లు దీన్ని ‘హైజోకు గాచా’ అంటారు. నాణెం వేసి తిప్పితే ఏ బొమ్మ పడుతుందో తెలియని మెషీన్ ఉంటుంది కదా, అలాంటిదన్నమాట. మన దగ్గర జావా అడిగితే టెస్టింగ్ ఇచ్చే ఫ్రెషర్ కథ కూడా ఇదే. సిస్మెక్స్ అనే వైద్య పరికరాల కంపెనీ కొత్తవాళ్ల పోస్టింగుల్లో మ్యాచింగ్ పద్ధతి వాడింది. అందులో కొజిమా సెంటర్ పాలుపంచుకుంది.

మరి మన క్యాంపస్ ప్లేస్‌మెంట్లు? అక్కడ అట్టే పెట్టుకోవడాలుండవు. ఈ రోజు వచ్చిన కంపెనీకి రేపటి కంపెనీని చూడకముందే ఔననాలి. ‘ఒక్కరికి ఒక్క ఆఫర్’ రూలున్న కాలేజీలో తొలిరోజు సెలక్టయితే, మీరు నిజంగా కోరుకున్న కంపెనీ వచ్చేసరికి మీ పేరు జాబితాలోనే ఉండదు. కాబట్టి ఇక్కడ మాత్రం ఎత్తు వేయక తప్పదు. కాలేజీలు తల్చుకుంటే ఓ వారంపాటు ఆఫర్లన్నీ ఆపి, పిల్లల వరుసలు తీసుకుని ఒకేసారి తేల్చొచ్చు, కంపెనీలు ఒప్పుకోవాలంతే. తొందర వాళ్లదే మరి.

అప్పటివరకూ రిజిస్ట్రేషన్‌కు ముందే ప్లేస్‌మెంట్ ఆఫీసులో మూడు సంగతులు కనుక్కోండి. ఆఫర్ వచ్చాక ఇంకో కంపెనీకి కూర్చోనిస్తారా? ఎంత ప్యాకేజీ తేడా ఉంటే? ఏ కంపెనీ ఏ వారంలో వస్తోంది? తేదీలు చేతికొచ్చాకే మీ వరుస రాసుకోండి.