మూర్ఛయా? మరణమా?

“లాప్‌టాప్ చచ్చిపోయిందండీ!” నేటి కళాశాలలలో తరచుగా వినవచ్చు మాట ఇది. రికార్డు ఏల ఇయ్యలేదని విద్యార్థిని అడిగినను ఇదే సమాధానము. ప్రశ్నపత్రము సిద్ధమైనదా యని తోటి అధ్యాపకుని అడిగినను ఇదే సమాధానము. నిన్నరాత్రివరకు చక్కగా పనిచేసిన యంత్రము తెల్లవారుసరికి బటను నొక్కినను పలుకదు, వెలుగదు. వెంటనే మరణవార్త వెలువడును. నాడి పట్టి చూచినవారు మాత్రము ఒక్కరును ఉండరు.

“వెలుగుట లేదు” అనునది పరిశీలనము. “చచ్చిపోయినది” అనునది తీర్పు. విచారణ జరుగకముందే తీర్పు చెప్పుట తగదని పాఠశాలలో బోధించు మనమే, ఈ ఒక్క యంత్రము విషయమున ఆ నీతిని మరచుచున్నాము. లాప్‌టాప్ హఠాత్తుగా ఆగిపోవుట ఒక ఆపద యనుట నిజమే. కాని అది విద్యార్థికి ఆలోచనాక్రమమును నేర్పుటకు చక్కని అవకాశము కూడ అని నా అభిప్రాయము.

మన తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములను రెండు మాటలు కలవు. ఏది ఉన్నచో కార్యము జరుగునో, ఏది లేనిచో జరుగదో, దానిని కారణముగా గుర్తించుట వాని తాత్పర్యము. ఆ సూత్రమునకు ఈ మూగయంత్రమే ప్రయోగశాల. మొదట గోడలోని ప్లగ్గును చూడవలెను. అందులో మరియొక దీపము పెట్టినప్పుడు వెలిగినచో దోషము గోడది కాదు. తరువాత ఛార్జరు. మన ఇండ్లకు వచ్చు 230 వోల్టుల విద్యుత్తును ఆ చిన్నపెట్టె ఇంచుమించు 20 వోల్టులకు దించి యంత్రమున కందించును. వోల్టులును వాట్లును సరిపోవు మరియొక ఛార్జరుతో యంత్రము మేలుకొన్నచో దోషి పాత ఛార్జరే. మొన సరిపోయినది గదా యని సెల్‌ఫోను ఛార్జరు తగిలించి ఫలితము లేదనుట పరీక్ష కాదు. దాని బలము చాలదు. బ్యాటరీ పూర్తిగా ఎండిపోయినచో అరగంటసేపు ఛార్జి పెట్టి ఓపికతో వేచియుండవలెను.

కరెంటు అందుచున్నను మేలుకొననిచో, మౌసు, పెన్‌డ్రైవు, ప్రింటరు తీగ మొదలగు బయటి తగులములన్నియు తీసివేయవలెను. ఛార్జరును తొలగించి, బ్యాటరీ ఊడదీయ వీలున్నచో దానినికూడ తీసి, పవర్ బటనును అరనిమిషము అదిమిపట్టవలెను. లోపల మిగిలిన విద్యుత్తు హరించిపోయి, చిక్కుపడిన నియంత్రణ వ్యవస్థ మరల మొదటినుండి ఆరంభించుటకు వీలు కలుగును. అటుపిమ్మట ఛార్జరు ఒక్కదానిని తగిలించి బటను నొక్కి చూడవలెను. మరణించినవనుకొన్న యంత్రములు పెక్కు ఈపాటి ఉపచారముతోనే లేచి కూర్చుండును.

ఒక్కొక్కప్పుడు ఫ్యాను తిరుగును, చిన్నదీపము వెలుగును, తెర మాత్రము నల్లగా నుండును. అది మరణము కాదు, మౌనము. చీకటిగదిలో తెరపై టార్చిని ఏటవాలుగా వేసినప్పుడు మసకగా అక్షరములు కనబడినచో, చెడినది తెరవెనుక దీపమని ఊహింపవచ్చును. తీగతో టీవీకి కలిపినప్పుడు బొమ్మ వచ్చినచో దోషము తెరవైపున ఉన్నదన్నమాట. బీప్ అను శబ్దములు గాని, దీపము మినుకుటలు గాని వరుసగా వచ్చినచో వానిని లెక్కించి వ్రాసికొనవలెను. అది యంత్రము తన బాధను చెప్పుకొను భాష. దాని అర్థము తయారుచేసినవారి పుస్తకమున ఉండును.

ఈ విచారణకు ఒక హద్దు కలదు. బ్యాటరీ ఉబ్బినను, కాలినవాసన వచ్చినను, నీరో టీయో ఒలికినను, తర్కమును అంతటితో కట్టిపెట్టవలెను. అట్టి యంత్రమును ఆన్ చేయరాదు, ఛార్జి పెట్టరాదు. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో విపణికి వచ్చినది. దానిని రూపొందించుటకు కారకులైన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. అంతటి ఉపకారియు దెబ్బతిన్నచో నిప్పులు క్రక్కగలదు.

ఇదంతయు మెకానిక్కు పని గదా యని కొందరు అనవచ్చును. మెకానిక్కు నైపుణ్యమును నేను తక్కువ చేయుట లేదు. కాని వైద్యుని వద్దకు పోవువాడు తన నొప్పి ఎక్కడనో చెప్పవలెను గదా! అంతకుమించిన కారణము మరియొకటి కలదు. యంత్రము వేరు, అందలి వ్రాత వేరు. మదర్‌బోర్డు కాలిపోయినను డిస్కు క్షేమముగా నుండవచ్చును. దానిని తీసి మరియొక యంత్రమునకు కలిపి చదువవచ్చును. కొన్ని కొత్త యంత్రములలో డిస్కు బోర్డునకే అతికియుండును. మరికొన్నిటిలో వ్రాత రహస్యలిపిలో భద్రమైయుండి, రికవరీ కీ లేనిదే తెరచుకొనదు. కావున దుకాణములో మొదట చెప్పవలసిన మాట “త్వరగా బాగుచేయుడు” అని కాదు. “నా వ్రాతలను చెరుపవద్దు” అని. ఆ మాటను రసీదుపైన వ్రాయించుకొనవలెను. లేనిచో ‘ఫార్మాట్’ అను ఒక్క పనితో యంత్రము బ్రతికి, రెండేండ్ల కృషి నశింపవచ్చును.

పల్లెలు తిరిగి వృద్ధస్త్రీల నోట దంపుళ్ళపాటలు సేకరించిన పరిశోధక విద్యార్థిని తలచుకొనుడు. లాప్‌టాప్ మరల అంగడిలో దొరకును. ఆ పాట పాడిన అవ్వ మరల పాడుటకు ఉండకపోవచ్చును.

తాటియాకు పురుగుల పాలగునని ఎరిగిన మన పూర్వులు గ్రంథములకు ప్రతులు వ్రాయించిరి. తాళపాకవారి సంకీర్తనములు రాగిరేకులకెక్కినవి. 19వ శతాబ్దిలో సి. పి. బ్రౌను కడపలో పండితులను నియమించి, దొరికిన ప్రతులను పోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక ప్రతి శిథిలమైనను మరియొకటి మిగిలినందుననే ఎన్నియో కావ్యములు మనదాక వచ్చినవి. నేడు ప్రతి తీయుటకు గంటమును అక్కరలేదు, నెలలును అక్కరలేదు. ఒక పెన్‌డ్రైవులో ఒకటి, ఇంటర్నెట్టులోని సొంత ఖాతాలో మరియొకటి ఉంచుటకు కొన్ని నిమిషములు చాలును. యంత్రము బ్రతికియున్నప్పుడే చేయవలసిన పని అది.

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక సూచన. పాఠశాలలో మూలపడిన లాప్‌టాప్ ఒకటి ఉన్నచో, బ్యాటరీ ఉబ్బలేదని చూచుకొని, దానిని ఒక పీరియడు బల్లపై పెట్టుడు. ఏమి చూచిరో, ఏమి పరీక్షించిరో, దేనిని ఎందుకు త్రోసివేసిరో విద్యార్థులచేత ఒక పుట వ్రాయింపుడు. ఉన్నదున్నట్లు చెప్పు వచనమునకు ఇంతకంటె మంచి అభ్యాసము లేదు. యంత్రము లేచినదా లేదా యని కాక, విచారణక్రమము తప్పినదా లేదా యని చూచి మార్కులు వేయుడు. ఆ పుట చివర ప్రతి విద్యార్థియు సమాధానము వ్రాయవలసిన ప్రశ్న ఒకటి ఉంచుడు: “నీ వ్రాతల రెండవ ప్రతి ఎక్కడ ఉన్నది?”