మాస్టారి ముచ్చట్లు: కొలత తప్పింది చొక్కాది!

పిల్లలూ,

కిందటి నెల మనం గాలికి బరువున్నదా అన్న సంగతి చెప్పుకున్నాం. ఈ నెల ఇంకొక బరువును గురించి చెబుతాను. అది తక్కెడలో తూగదు. మన నోటినుంచి బయలుదేరి ఇంకొకరి మనసుమీద కూచుంటుంది.

మేము హైదరాబాదులో తార్నాకలో వుంటున్నాం. పూర్వం ఇక్కడ తీగకంచె వేసిన నాకా ఒకటి వుండేదనీ, "తార్" అంటే తీగ కనుక తార్నాక అన్న పేరు వచ్చిందనీ పెద్దలు చెబుతారు. ఇంటినుంచి నడిచిపోతే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ వస్తుంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1918లో స్థాపించిన విద్యాలయం అది. నేను పొద్దున్నే అక్కడికి నడవడానికి వెళతాను. సెలవు రోజుల్లో, ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలూ దాని నేస్తమూ కూడా వస్తారు.

ఆ నేస్తం పేరు ఇక్కడ రాయను. ఈ ముచ్చట రాయడానికి మాత్రం ఆ పిల్లను అడిగి, సరే అనిపించుకున్నాను. ఆమె లావుగా వుంటుంది. నేను "బొద్దుగా" అని రాయబోతే, "లావు అనే రాయండి తాతయ్యా. పొడుగు, పొట్టి అన్నట్టే అదీ ఒక మాట. కొందరు అనే తీరువల్లనే అది తిట్టవుతుంది," అన్నది. లెక్కల్లో ఆమెను మించినవాళ్ళు ఆ తరగతిలో లేరు. బతుకమ్మ పాటలు ఎన్నో నోటికి వచ్చు. కాని ఏ పండగకైనా ఆమె వేసుకునేది తన అన్న పాత నల్లచొక్కాయే.

బతుకమ్మ పండగ సంగతి మీకు తెలుసు కదా? భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదోనాడు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. ఆ పండగ దగ్గరపడుతూండగా నేస్తం, "నేను ఆటకు రాను. నాకు నప్పే బట్టలు లేవు," అన్నది.

మా మనవరాలి మనసు మంచిదే. ఆలోచన మాత్రం కాస్త వెనక నడుస్తుంది. అది వెంటనే నేస్తాన్ని ఒక రెడీమేడ్ దుకాణానికి లాక్కుపోయి, తనకు నచ్చిన గౌను ఒకటి తీసి తొడిగి చూడమన్నది. గౌను చెయ్యి ఆ పిల్ల మోచేయి దాటి పైకి ఎక్కలేదు. దుకాణంలో పనిచేసే మనిషి అందరికీ వినపడేలాగా, "ఈ పాపకు సరిపోయేవి ఇక్కడ దొరకవు," అన్నాడు. తిరిగివస్తూ మా మనవరాలు ఓదార్పుగా, "నువ్వేమంత లావు లేవులేవే. ఎప్పటిలాగా నల్లదే వేసుకో. సన్నగా కనిపిస్తావు," అన్నది. ఆ తరువాత రెండు రోజులు నేస్తం మా యింటికి రాలేదు.

"నేను మంచిమాటే చెప్పాను గదా తాతా!" అన్నది మా మనవరాలు, ఏడుపు మొహం పెట్టి.

"నువ్వు రెండు మాటలు చెప్పావు," అన్నాను. "లావు లేవన్నది అబద్ధం. ఆ పిల్ల యింట్లోనూ అద్దం వుంది. నల్లది వేసుకోమన్నది, దాక్కోమని చెప్పడం."

ఇంతవరకు చెప్పి నేను ఆగిపోయాను. నాకు ఒక పాత సంగతి గుర్తుకు వచ్చింది. అది మీకూ చెప్పాలి.

ముప్ఫయి అయిదేళ్ళ కిందట నా తరగతిలో ఒక లావుపాటి కుర్రవాడు వుండేవాడు. ఒకనాడు డ్రిల్లు చేస్తూండగా వాడి నిక్కరు కుట్టు పిగిలింది. నేను, "గుమ్మడికాయ పగిలిందిరా!" అన్నాను. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. బడి వదిలి వెళ్ళేదాకా వాడికి ఆ పేరే నిలిచిపోయింది. అంతకుముందు కబడ్డీకి అందరికన్నా ముందు దిగేవాడు, ఆ తరువాత చెట్టు కింద నిలబడి చూసేవాడు. ఉపాధ్యాయ శిక్షణలో పిల్లల మనస్తత్వం అనే పాఠానికి నాకు మంచి మార్కులే వచ్చాయి. ఏం లాభం? వాడిని నేను క్షమించమని అడగనేలేదు.

ఆ సాయంత్రమే మా మనవరాలిని వెంటబెట్టుకుని నేస్తం యింటికి వెళ్ళాను. ఈసారి మా మనవరాలు సలహా ఏదీ చెప్పలేదు. "అసలు నీకేం వేసుకోవాలని వుందే?" అని అడిగింది.

ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్ళి వాళ్ళ అమ్మ పాత నారాయణపేట చీర ఒకటి పట్టుకువచ్చింది. పసుపు పచ్చని గళ్ళు, ఎర్రటి అంచు. "దీనితో కళీల కుర్తా కుట్టించుకోవాలని వుంది. కాని లావుగా వున్నవాళ్ళు గళ్ళూ అడ్డగీతలూ వేసుకుంటే ఇంకా లావుగా కనిపిస్తారట కదా?" అన్నది.

పిల్లలూ, ఈ మాట మీరూ వినివుంటారు. నిజమేనా? ఒక కాగితం మీద సమానమైన చదరాలు రెండు గీయండి. ఒకదాని నిండా అడ్డగీతలు, రెండోదాని నిండా నిలువుగీతలు దగ్గరదగ్గరగా గీయండి. దూరంగా పెట్టి చూడండి. చాలామందికి అడ్డగీతల చదరమే సన్నగా, పొడుగ్గా కనిపిస్తుంది! జర్మనీ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ 1860లలోనే ఈ వింత చెప్పాడు. అడ్డచారల గౌను వేసుకున్న స్త్రీలు పొడుగ్గా కనిపిస్తారని కూడా రాశాడు. తరువాతి వాళ్ళు మనుషుల మీద పరీక్షలు చేసి చూస్తే, అన్ని పరీక్షలూ ఒకే జవాబు ఇవ్వలేదు. కాబట్టి గీతలను నమ్ముకుని బట్ట కొనడం దండగ. నచ్చిన గళ్ళు వేసుకోవడమే మేలు.

మరునాడు పిల్లలిద్దరితోనూ, నేస్తం వాళ్ళ అమ్మతోనూ కలిసి మా వీధి చివర వున్న ముసలి దర్జీ దగ్గరికి వెళ్ళాం. ఆ దర్జీ ముందు దుకాణం తెర వేశాడు. వాళ్ళ అమ్మచేతనే టేపు పట్టించి కొలతలు తీయించాడు. ఒక్క అంకె కూడా పైకి చదవకుండా పుస్తకంలో రాసుకున్నాడు. గౌను సంగతి విని, "బిడ్డా, చొక్కా చెయ్యి ఎక్కకపోతే తప్పు చేతిది కాదు. కొలత తప్పింది చొక్కాది," అన్నాడు.

ఇది ఓదార్పు మాట కాదు, నిజం. రెడీమేడ్ బట్టలు కుట్టేవాళ్ళు మిమ్మల్ని చూసి కుట్టరు. ఒక కొలతల పట్టికను చూసి కుడతారు. 1939-40లో అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖవారు దాదాపు 15,000 మంది స్త్రీలకు, ఒక్కొక్కరికి 59 కొలతలు తీశారు. ఛాతీ కొలత ఒకటే అయినా ఒకరి చేతులు లావు, ఒకరి నడుము సన్నం, ఇంకొకరి భుజాలు వెడల్పు. మనుషులు పట్టికలో ఇమడరన్నమాట. మన దేశంలో చాలాకాలం విదేశాల పట్టికలనే అటూ ఇటూ సవరించి వాడుతూ వచ్చారు. అందుకనే మన జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ దేశమంతటా 25,000 మందికి పైగా మనుషులను కొలిచి మనకంటూ ఒక పట్టిక తయారుచేయాలని తలపెట్టింది. ఆ కొలతలకు ఎంచుకున్న ఆరు నగరాల్లో మన హైదరాబాదు ఒకటి.

దర్జీ గుడ్డ పరిచి కోత చూపించాడు. కళీ అంటే పైన సన్నగా, కింద వెడల్పుగా వుండే ముక్క. పైన 2 అంగుళాలు, కింద 8 అంగుళాలు వుండే కళీలు నాలుగు కలిపి కుట్టారనుకోండి. పైన పెరిగేది 8 అంగుళాలే. కింద 32 అంగుళాలు పెరుగుతుంది. అడుగు వేయడానికీ కూచోవడానికీ కావలసిన చోటు కిందనే కదా వుండాలి! ఇక చంక కింద నలుపలకల ముక్క ఒకటి మూలవాటంగా పెట్టి కుడతారు. దాన్ని చౌబగలా అంటారు. అది వుంటే చేతులు పైకెత్తినా కుర్తా అంతా పైకి లేవదు.

మూలవాటంగా ఎందుకు? మీ నూలు చేతిరుమాలు తీసుకోండి. పడుగు పోగుల వెంట లాగండి, సాగదు. పేక పోగుల వెంట లాగండి, అంతగా సాగదు. ఇప్పుడు మూలనుంచి మూలకు లాగండి. ఎంత సాగిందో చూశారా? పోగులు సాగలేదు, పోగుల మధ్య వున్న చిన్నచిన్న చదరాలు వాలిపోయాయి, అంతే. చౌబగలా పనిచేసేది ఈ సూత్రం మీదనే.

వారానికి కుర్తా తయారయింది. దర్జీ దాన్ని తొడిగించి, "చేతులెత్తు. వంగు. కూచో. చప్పట్లు కొట్టు," అన్నాడు. అన్నీ అయినాక, "ఇప్పుడు అద్దంలో చూసుకో," అన్నాడు. ముందు అద్దం, తరువాత కదలిక అయితే బట్టలో ఇరుక్కుంటాం. ఈ వరస నాకు బాగా నచ్చింది.

పండగకు వారం ముందు ఒక తెల్లవారుజామున నేస్తం ఆ కుర్తా వేసుకుని మాతో నడవడానికి వచ్చింది. జనం ఎక్కువగా లేని వేళ అది. చున్నీని పొట్టకు అడ్డంగా పట్టుకుని, నేల చూస్తూ నడిచింది. మా మనవరాలు పది అడుగులకొకసారి "బాగున్నావే" అనబోతే నేను సైగచేసి ఆపాను. అన్నిసార్లు చెబితే, బాగాలేనేమో అన్న అనుమానం పుడుతుంది. ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్ళాం. బెల్జియం దేశపు శిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపం గీయగా, 1939లో ప్రారంభమైన గులాబిరంగు గ్రానైటు భవనం అది. మెట్ల మీద కూచుని పిల్లలిద్దరూ ఒక లెక్క గురించి వాదులాడుకున్నారు. తిరిగివచ్చేటప్పుడు చూస్తే చున్నీ నేస్తం భుజం మీద వుంది. రెండు చేతులూ గాలిలో లెక్క చేస్తున్నాయి.

దారిలో ఆ పిల్ల నన్ను ఒకటి అడిగింది. "తాతయ్యా, నేను బట్టల సంగతి ఎత్తితే అందరూ నా తిండి సంగతి ఎత్తుతారెందుకు?"

మంచి ప్రశ్న. మా తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో, బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం ఒక్క గదిలో మొదలై, తరువాత హైదరాబాదుకు తరలి వచ్చి, 1969లో ఈ పేరు పెట్టుకున్నది. మనిషి బరువు వెనక తిండి ఒక్కటే లేదు. తల్లిదండ్రుల పోలిక, నిద్ర, ఆటలు, జబ్బులు, మందులు, ఇన్ని వున్నాయి. ఆ సంగతి చూడడానికి డాక్టరున్నారు, అమ్మానాన్నలున్నారు. బట్ట గురించి అడిగినవారికి బట్ట గురించే చెప్పాలి. అడగని సలహా ఎంత మంచిదైనా అది దెబ్బే.

సద్దులనాడు తంగేడు, గునుగు, బంతిపూలతో బతుకమ్మలు పేర్చి ఆవరణలో ఆట మొదలైంది. నేస్తం పసుపు గళ్ళ కుర్తాలో వచ్చింది. అప్పుడు పక్కనున్న ఒకావిడ, "అంత పిల్లకు అంతంత గళ్ళా!" అన్నది. నేస్తం చెయ్యి చున్నీ మీదికి పోయింది. మా మనవరాలికి కోపం వచ్చింది గాని ఆవిడతో తగువు పెట్టుకోలేదు. నేస్తం చెయ్యి పట్టుకుని, "పాట ఎత్తుకోవే. అన్నీ వచ్చినదానివి నువ్వేగా," అన్నది. నేస్తం ఒక్క క్షణం తటపటాయించి పాట ఎత్తుకున్నది. వంగి లేచి చప్పట్లు కొడుతూ, చీకటి పడేదాకా ఆడింది. కుర్తా ఎక్కడా పట్టెయ్యలేదు.

మరునాడు, "ఆ మాటకు బాధ కలిగిందా అమ్మా?" అని అడిగాను. "గుచ్చుకుంది తాతయ్యా, అబద్ధమెందుకు? కాని పాట ఆపేంత పెద్దది కాదు," అన్నది. అప్పుడు ఆమె ఒంటిమీద మళ్ళీ అన్న నల్లచొక్కా వుంది! మా మనవరాలు తెల్లబోయింది. "ఇది నాకిష్టమే. నిన్నటిదీ ఇష్టమే. రేపు ఏది వేసుకుంటానో నేనే చూసుకుంటాను," అని నవ్వింది నేస్తం.

మీకూ ఇలాంటి నేస్తం వుంటే నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. ముందు ఏం కావాలో అడగండి. మీకు నచ్చినది వాళ్ళకు తొడగకండి. మొదటిసారి వేసుకున్నప్పుడు నలుగురి మధ్యకు లాగకుండా పక్కన నడవండి. ఎవరైనా మాట తూలితే నేస్తం చెయ్యి వదలకండి.

నా పాత విద్యార్థికి ఇప్పుడు యాభై ఏళ్ళు దగ్గరపడి వుంటాయి. అతని పిల్లలు ఈ పత్రిక చదువుతూ వుండవచ్చు. మీ నాన్నకు చిన్నప్పుడు అలాంటి పేరు పెట్టిన మాస్టారు ఒకరు వుంటే, ఆయన అందుకు సిగ్గుపడుతున్నాడనీ, క్షమించమంటున్నాడనీ చెప్పండి.

వచ్చే నెలకు మీకు ఒక పని. గీతల చదరాలు గీసి మీ యింట్లో అయిదుగురికి చూపించి, ఎవరికి ఏది సన్నగా కనిపించిందో నాకు రాయండి.

మీ మాస్టారు