మా కడుపుకేం రోగం లేదు

నాకు పాలు పడవు. ఈ ఒక్క మాట సిగ్గుపడకుండా చెప్పడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

మా అమ్మ ఆసామి దొడ్లో పనిచేసేది. తెల్లారకముందే పేడెత్తి, కుడితి పెట్టి, మాపటికి పచ్చగడ్డి మోపు మోసుకొచ్చేది. గేదె పొదుగు దగ్గరికి మాత్రం రానిచ్చేవాళ్లు కాదు. మాదిగది ముట్టుకుంటే పాలు మైలపడతాయంట! వెన్న తీశాక మిగిలిన పుల్లమజ్జిగ ఆసామి భార్య పైనుంచి మా గిన్నెలో పోసేది. దాంట్లో ఇంకో చెంబు నీళ్లు, ఇంత ఉప్పు కలిపి ఆరుగురం అన్నంలో పోసుకునేవాళ్లం. ఆ మజ్జిగ ఏనాడూ మమ్మల్ని ఏమీ చేయలేదు.

గ్లాసు నిండా పాలు మొదటిసారి చూసింది సాంఘిక సంక్షేమ హాస్టల్లో. తాగిన గంటకి కడుపు ఉబ్బి గుడగుడలాడింది. వందమంది ఆడపిల్లలకి మూడు లెట్రిన్లు. లైన్లో ఆగలేక గోడ వెనక్కి పరిగెత్తాను. మేట్రన్ చూసి నవ్వింది. "గొడ్డుకూర తినే కడుపులకి పాలెట్టా పడతయ్యే?" ఆ రోజు నుంచి నా వంతు పాలు ఎవరూ చూడకుండా మొక్కల్లో పోశాను. కడుపునొప్పి సాయంత్రానికి తగ్గింది. ఆ మాట మాత్రం డిగ్రీ దాకా, బీయీడీ దాకా, ఉద్యోగం దాకా నా వెంటే వచ్చింది. స్టాఫ్‌రూమ్‌లో పాలకోవా వద్దంటే "మీకు అలవాటు లేదుగా పాపం" అంటారు. మొహమాటానికి తింటే మధ్యాహ్నం పీరియడంతా కడుపు పట్టుకుని పాఠం చెప్పాలి.

చివరికి ఒక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. పాలల్లో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. అది అరగాలంటే చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి. తల్లిపాలు మానాక అది తగ్గిపోవడం మనిషికి సహజం. ప్రపంచంలో మూడొంతుల్లో రెండొంతుల మందికి ఇంతే. అరగని చక్కెర పెద్దపేగులోకి పోయి అక్కడి బాక్టీరియాకి మేతవుతుంది. అదే గ్యాసు, ఉబ్బరం, విరేచనాలు. తోడుకునేటప్పుడు కొంత లాక్టోజ్ ఖర్చయిపోతుంది కాబట్టి మజ్జిగ పడింది, పాలు పడలేదు.

అంటే నా కడుపుకేం రోగం లేదు. గొడ్డుకూరకీ దీనికీ సంబంధం లేదు. అగ్రహారంలోనూ పాలు పడని కడుపులున్నాయి. అక్కడ దాన్ని గ్యాస్ ట్రబుల్ అంటారు. మా వాడకొచ్చేసరికి అది పుట్టుక దోషమైపోతుంది!

"పాలు సంపూర్ణాహారం" అని నేనూ బోర్డు మీద రాశాను. ఎవరికయ్యా సంపూర్ణం? పాలల్లో ఇనుము బహు తక్కువ. మా ఆడపిల్లలకి లేనిది నెత్తురు. 2015లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీ పిల్లలకి గుడ్డు పెట్టం, పాలిస్తాం అంది. 2012లో ఉస్మానియాలో విద్యార్థులు పెద్దకూర పండగ చేసుకుంటే దాడులు చేశారు. పాలు పవిత్రం, గుడ్డు మైల, కూర నేరం. పేడెత్తిన చేయి అంటరానిది, చచ్చిన గొడ్డుని మోసిన భుజం అంటరానిది. ఇదా మీ పోషకాహార శాస్త్రం?

నేను పాలకి శత్రువుని కాను. పడినవాళ్లు తాగండి. మా పిల్లల్లో పడేవాళ్లకి పాలు హక్కుగా ఇవ్వండి. పడనివాళ్లకి గుడ్డివ్వండి. ఒకరి వంటింటిని దేశం మొత్తానికి మెనూ చేయకండి.

మొన్న ఆరో తరగతిలో ఒక పిల్ల లేచి "టీచర్, పాలు తాగితే నాకు కడుపునొస్తది" అంది. క్లాసంతా నవ్వింది. "నాక్కూడా నొస్తది" అన్నాను. నవ్వు ఆగిపోయింది. ఇంకా ఎవరికని అడిగితే పదకొండు చేతులు లేచాయి. ఊళ్లో పిల్లలవీ ఉన్నాయి, వాడలో పిల్లలవీ ఉన్నాయి. ఒంటికి బలమిచ్చేవి మీరే చెప్పండన్నాను. గుడ్డు, పప్పు, రాగులు, వేరుశనగ, ఎండుచేప, పాలు, మాంసం అని వరసగా బోర్డు మీద రాస్తూ పోయాను. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల మెల్లగా అడిగింది: "పెద్దకూర కూడా రాయొచ్చా టీచర్?"

రాశాను. అందరికీ కనపడేట్టు పెద్ద అక్షరాలతో రాశాను.